లాభం, రెండు, మూడు

వరవాంగ్ లైబ్రరీ వెనక గదిలో
గురువారం సాయంత్రం ఆరున్నర.
కిటికీలో ఉక్కు కర్మాగారం మంట,
దాని పక్కన నల్లబడుతున్న సముద్రం.
ఎనిమిది కుర్చీలు వేశాను, ఐదుగురొచ్చారు.
ఉచిత క్లాసుకి అది తక్కువేం కాదు.

బోర్డు మీద రెండు అడ్డగీతలు గీసి
ఇది సమానం కాదు, అన్నాను.
బళ్ళో చెప్పింది కాసేపు పక్కన పెట్టండి.
జావాస్క్రిప్ట్‌లో ఇది పోయడం,
కుడివైపున్నది ఎడమ డబ్బాలోకి.
డబ్బాకి పేరు మీరే పెట్టుకోవాలి.
ఉప్పు డబ్బా మీద పంచదార అని రాసుకుంటే
తాగాల్సిన కాఫీ కూడా మీదే.

సమానమా అని అడగాలా? అడ్డగీతలు రెండు చాలవు,
రెండింటితో అడిగితే మొహమాటానికి తలూపుతుంది,
ఐదు అనే అంకె, ఐదు అనే మాట
రెండూ ఒకటేలెండి అంటుంది,
పెళ్ళిలో గుర్తులేని చుట్టాన్ని పలకరించినట్టు.
మూడు గీయండి.
మూడు గీతలకి మొహమాటం లేదు.

రాత్రి డ్యూటీకి వెళ్ళబోయే నర్సు మెరెడిత్
ఐదుకి మూడు కలిపితే
యాభై మూడు వచ్చిందని స్క్రీను చూపించింది.
కొటేషన్ గుర్తుల మధ్య పెట్టావమ్మా,
అంకె కాస్తా మాటైపోయింది.
మాటలు కూడవు, అతుక్కుంటాయి.
మా భాషలో దీన్ని సంధి అంటాం
అనబోయి ఆగాను, ఆగి అనేశాను.
ఇంగ్లీషు అక్షరాల్లో రామ, ప్లస్, అయ్య.
మధ్యలో ఒక 'అ' ఎటు పోయిందని అడిగింది.
అది వేరే క్లాసు, అన్నాను.

ట్రాయ్కో మాత్రం ఎవరి వైపూ చూడడు.
ముప్పై ఒక్కేళ్ళు కోక్ బట్టీల దగ్గర పనిచేసిన వేళ్ళు,
ఒక అక్షరం నొక్కితే రెండు పడతాయి.
పందెం పావురాలకి ఒక పేజీ కావాలట.
పేర్లు వరసగా జాబితాలో పెట్టించాను,
లెక్క సున్నా నుంచి, అని చెప్పేసరికి
కుర్చీ వెనక్కి నెట్టాడు.
నా మొదటి పావురం సున్నా ఎలా అవుతుంది?

మా కళ్ళంలో వడ్లు కొలిచే కోటిలింగం
ఎప్పుడూ ఒకటి అనేవాడు కాదు.
మొదటి కుంచం లాభం,
ఆ తర్వాత రెండు, మూడు.
మొదటిదానికి ఎక్కడైనా ఏదో పట్టింపు ఉంటుంది ట్రాయ్కో,
ఇక్కడ దాని పేరు సున్నా.
అతను నోట్‌బుక్ తీసి, నన్ను మళ్ళీ పలకమని,
మాసిడోనియా లిపిలో రాసుకున్నాడు:
లాభం.

మూడో వారం లూప్. ఆగే షరతు మరిచిపోయి
ఒకే పావురం పేరు తెర నిండా తిప్పాడు,
లాప్‌టాప్ ఫ్యాను గానుగెద్దులా రొప్పింది.
నాలుగో వారం ఫంక్షన్.
పనిచేసి ఊరుకుంటే చాలదు,
చేసింది తెచ్చి చేతిలో పెట్టాలి,
అందుకే చివర రిటర్న్, అన్నాను.
రాయకపోతే?
అన్‌డిఫైన్డ్ అని వస్తుంది.

అతను చాలాసేపు ఏమీ నొక్కలేదు.
శనివారం గౌల్‌బర్న్ నుంచి పన్నెండు వదిలాడట.
పదకొండు వచ్చాయి.
పన్నెండోదానికి ఏం రాయాలి?

రెండు మాటలున్నాయి, అన్నాను.
నల్ అంటే ఇక్కడ ఏమీ లేదని తెలిసి
మన చేత్తో మనం రాసేది.
అన్‌డిఫైన్డ్ ఎవరూ రాయక్కర్లేదు,
ఎవరూ ఇంకా ఏమీ చెప్పలేదని అర్థం.

లైబ్రరీ మనిషి లైట్లు ఒకసారి ఆర్పి వేసింది,
మూసే వేళని గుర్తు.
మెరెడిత్ బస్సుకి పరుగెత్తింది.
అతను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ
లెట్ అని కొట్టాడు,
పక్కన స్నేజా అని పేరు,
అడ్డగీతలు పెట్టలేదు,
సెమికోలన్ పెట్టాడు.

రన్ నొక్కి నా వైపు చూశాడు.
తప్పేమీ చూపించలేదు.